హెవీ లైసెన్సు నుంచి మొదటి లెక్క దాకా: లాంగ్ రూటు లారీ ఎక్కాలనుకునేవాళ్లకు

చిత్తూరు, తిరుపతి వైపు లాంగ్ రూటు లారీ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లు మొదట అడిగేది లైసెన్సు గురించే. లైసెన్సుకు పట్టే కాలం చాలా తక్కువ. లోడు కట్టడం, కాగితాలు చదవడం, ఘాట్ దిగడం, ట్రిప్పు అయ్యాక ఓనరుతో లెక్క తేల్చుకోవడం, ఇవి వంటబట్టడానికే ఎక్కువ కాలం పడుతుంది. కొత్తవాళ్లు నష్టపోయేదీ వీటి దగ్గరే. నేను 2025 సంక్రాంతి అయిపోగానే మొదలుపెట్టాను. ఆ ఏడాది దసరా దాటాక గానీ బండి పూర్తిగా నా చేతికి రాలేదు. ఆ మధ్యలో ఏం జరుగుతుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో వరసగా రాస్తున్నాను.

ముందు అర్హత సంగతి. వయసు 20 నిండి ఉండాలి. ఎల్‌ఎంవీ, అంటే కారు లైసెన్సు, చేతికొచ్చి ఏడాది దాటాలి. ఆ ఏడాది నిండకపోతే హెవీకి ఎల్‌ఎల్‌ఆరే, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్సే, ఇవ్వరు. స్కూలువాళ్లు ఫీజు కట్టించుకున్న తర్వాత ఈ మాట చెప్తే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు, కాబట్టి కార్డు మీద తేదీ ముందే చూసుకోండి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న పాత నిబంధన 2019లో తీసేశారు. ఆ మాట చెప్పి ఎవరైనా సర్టిఫికెట్టు చేయిస్తామని డబ్బులడిగితే ఇవ్వొద్దు.

ఏడాది నిండనివాళ్లు ఊరికే కూర్చోనక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండ్లను మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చి చెప్పింది. పికప్ బండి మీద పలమనేరు, మదనపల్లె టమోటా మార్కెట్లకు తిరిగితే లోడుతో బండి ఎలా ఒరుగుతుందో, బ్రేకు ఎంత దూరంలో పడుతుందో ఒంటికి తెలుస్తుంది. అలా తిరిగి వచ్చినవాళ్లు హెవీ మీద చాలా త్వరగా కుదురుకోవడం చూశాను. నేరుగా కారు నుంచి పది టైర్ల బండికి వచ్చినవాళ్లకు భయం పోవడానికే నెలలు పడుతోంది.

దరఖాస్తు రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సారథి సైట్లో. దీనితోపాటు ఫారం 1ఏ కావాలి, అది డాక్టరు సంతకం చేసిన మెడికల్ సర్టిఫికెట్టు. చాలామంది డాక్టరు ముఖం చూడకుండానే సంతకం తెప్పించుకుంటారు. అలా చేయకండి. కంటి పరీక్ష నిజంగా చేయించుకోండి. రంగులు తేడా తెలుస్తున్నాయా, చీకట్లో ఎదురు బండి లైటు పడ్డాక చూపు ఎంతసేపటికి కుదురుతోంది అన్నవి ఇప్పుడే తేలిపోవాలి. రాత్రి నాయుడుపేట రోడ్డు మీద తేలితే ప్రాణం మీదికి వస్తుంది. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు 150, టెస్టుకు 300, లైసెన్సు జారీకి 200 రూపాయలు, పైన రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు. అసలు ఖర్చు స్కూలుకు. నా దగ్గర 14,000 తీసుకున్నారు. అందులోనే ఫారం 5, అంటే స్కూలు ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్టు, టెస్టు రోజు బండి కలిసి ఉండాలని ముందే మాట్లాడుకోండి. హెవీ టెస్టుకు బండి మనమే తీసుకుపోవాలి కాబట్టి టెస్టు ముందు రోజు బండి బాడుగ వేరే అని కొందరు మెలిక పెడతారు.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక 30 రోజులు ఆగాలి. దాని గడువు ఆరు నెలలు. ఈ 30 రోజుల్లో స్టీరింగు మీద కనీసం 15 గంటలు కూర్చోబెట్టాలని నిబంధన. జరిగేది వేరు. బండిలో నలుగురైదుగురు ఎక్కుతారు, ఒక్కొక్కరికి పావుగంట, ఇరవై నిమిషాలు వస్తుంది. మిగతావాళ్లు వెనకాల కూర్చుని ఫోను చూస్తుంటారు. ఆ టైములో వేరేవాడు నడుపుతుంటే ఎడమ అద్దంలోకి చూస్తూ కూర్చోండి. మలుపులో ముందు చక్రం పోయిన దారిలో వెనక చక్రం పోదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఎంత లోపలికి వస్తుందో అద్దంలో చూసి చూసి కంటికి అలవాటు కావాలి. గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఏరియా గేట్ల దగ్గర ఎడమ మలుపుల్లో కొత్తవాళ్లు కొట్టుకునేది ముందు బంపరు కాదు, వెనక టైరు.

టెస్టు చిన్నదే. రివర్సు, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం, సిగ్నళ్లు. ఎత్తు మీద కదిలేటప్పుడు బండి వెనక్కి జారితే అక్కడితో సరి. ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు పోతే 60 రోజులు ఆగాలి. ఫిబ్రవరి చివర్లో తారీఖు దొరుకుతుందనుకున్నది మార్చిలో దొరికింది. ఆ వెయిటింగులోనే చాలామంది దళారి దగ్గరికి పోతారు. ఏడెనిమిది వేలు అదనంగా పోసి కొనుక్కునేది ఒక వారం మాత్రమే. కార్డు చేతికొచ్చేలోపు ఫోనులో డిజిలాకర్ యాప్‌లోనో ఎంపరివాహన్ యాప్‌లోనో చూపిస్తే చెల్లుతుంది. హెవీ లైసెన్సు గడువు ఐదేళ్లు. గ్యాసు, పెట్రోలు ట్యాంకర్లు నడపాలంటే దానికి వేరే మూడు రోజుల శిక్షణ, లైసెన్సు మీద వేరే ఎంట్రీ ఉండాలి. అది లేకుండా ట్యాంకరు ఎక్కమంటే ఎక్కొద్దు.

ఇక్కడిదాకా వచ్చాక మనిషికి ఒక గర్వం వస్తుంది. ఆ గర్వం పట్టుకుని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల చుట్టూ తిరిగితే అందరూ ఒకటే అడుగుతారు: "ఎన్నేళ్లు నడిపినావు?" కొత్త లైసెన్సు వాడికి నలభై యాభై లక్షల బండి ఎవరూ ఇవ్వరు. ఏప్రిల్ ఎండల్లో రేణిగుంట నుంచి చిత్తూరు దాకా ఆఫీసులు తిరిగి ఖాళీ చేతులతో ఇంటికి రావడం చాలా బాధగా ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఏమీ అనకపోయినా బాధే. దీనికి దారి ఒక్కటే, సీనియరు డ్రైవరు పక్కన రెండో డ్రైవరుగా ఎక్కడం. జీతం క్లీనరుకన్నా కొంచెం ఎక్కువ, డ్రైవరుకన్నా బాగా తక్కువ. ఇది ఆరు నెలలు ఉంటుందని మనసు కుదుర్చుకోండి, డబ్బులు కూడా దానికి తగ్గట్టే దగ్గర పెట్టుకోండి.

ఓనరు దగ్గర చేరే ముందు బండి నెంబరు ఎంపరివాహన్‌లో కొట్టి చూడండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పొల్యూషన్, పర్మిట్, ట్యాక్సు తేదీలు కనపడతాయి. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, గడువు అయిపోయిన బండిని పరాయి రాష్ట్రంలో ఆపితే రోడ్డు పక్కన రెండు రోజులు ఎండలో నిలబడేది డ్రైవరే. ఇన్సూరెన్సు కాగితంలో పెయిడ్ డ్రైవరు పేరుతో ప్రీమియం కట్టారా లేదా చూడండి. అందులో కనపడే 15 లక్షల ప్రమాద బీమా ఓనరు కమ్ డ్రైవరుకు, అంటే ఓనరుకు మాత్రమే వర్తిస్తుంది. జీతానికి నడిపేవాడికి అది రాదు. మనవంతుగా ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా బ్యాంకులో పెట్టుకుంటే ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. చాలదు, కానీ అది కూడా లేనివాళ్లు మన వైపు ఎంతమందో ఉన్నారు.

రెండో డ్రైవరుగా మొదటి రోజు నుంచే నేర్చుకోవాల్సింది పొద్దున్నే బండి చుట్టూ తిరగడం. బ్రేకులకు గాలి పంపే ట్యాంకుల కింద ఉన్న రింగు లాగితే నీళ్లు, కొంచెం నూనె తుంపర వస్తాయి. ఆ నీళ్లు లోపలే ఉండిపోతే వాల్వులు తుప్పు పట్టి బ్రేకు ఆలస్యంగా పడుతుంది. వానాకాలంలో ఇంకా ఎక్కువ. స్టార్టు చేశాక గాలి ఒత్తిడి చూపించే మీటరులో రెండు ముళ్లూ 8 బార్ దగ్గరికి వచ్చేదాకా కదలకూడదు. గాలి తక్కువైతే వెనక స్ప్రింగు బ్రేకు తనంతట తానే పట్టేస్తుంది. తెలియనివాళ్లు దాని మీదే గేరేసి లాగి క్లచ్ కాల్చేస్తారు.

టైర్లను రాడ్డుతో కొట్టి చూడాలి. గాలి ఉన్న టైరు రాడ్డును గట్టిగా ఎగరగొడుతుంది, పంచరైన టైరు మెత్తగా దెబ్బ తింటుంది. జోడు టైర్లలో లోపలిది పంచరైతే బయటికి కనపడదు. బరువంతా బయటి టైరు మీద పడి అది వేడెక్కి పేలుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. రెండు టైర్ల మధ్య రాయి ఇరుక్కుని ఉంటే రాడ్డుతో పొడిచి తీసేయండి. చక్రం మార్చిన తర్వాత యాభై, వంద కిలోమీటర్ల దగ్గర ఆపి నట్లు మళ్లీ బిగించాలి. బండి ఆపిన ప్రతిసారీ హబ్, అంటే చక్రం మధ్య భాగం, దగ్గర చేతి వెనక వైపు పెట్టి చూడటం మా సీనియరు అలవాటు చేశాడు. "అబ్బోడా, టీ తర్వాత తాగుదువు, ముందు చెయ్యి పెట్టి చూడు" అనేవాడు. అన్ని హబ్బులూ ఒకేలా వెచ్చగా ఉంటే సరే. ఒక్కటే కాలుతోందంటే అక్కడ బ్రేకు పట్టుకునైనా ఉంది, బేరింగు పోతూనైనా ఉంది.

బీఎస్6, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన, బండ్లలో డీజిల్‌తోపాటు పొగను శుభ్రం చేసే డెఫ్, అదే మనవాళ్లు యూరియా అనేది, ఉంటుంది. అది అయిపోతే ఇంజను బలం తగ్గించేస్తుంది, లోడుతో ఎత్తు ఎక్కదు. కొన్నిచోట్ల దొరకదు కాబట్టి క్యాబిన్లో ఒక క్యాను పెట్టుకోండి. డెఫ్‌లో నీళ్లు కలిపితే ఖర్చు మిగులుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి, సెన్సారు, ఇంజెక్టరు పోతే వేలల్లో కాదు, అంతకన్నా ఎక్కువ పడుతుంది.

జూన్, జూలై మా వైపు తోతాపురి మామిడి కాలం. గుజ్జు ఫ్యాక్టరీల నుంచి చెన్నై రేవుకు కంటైనర్లు నడుస్తాయి. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి రూటు లేదు. దూరం తక్కువ, కాగితాలన్నీ ఉంటాయి, వెయిటింగంటే ఏమిటో తెలుస్తుంది. గుజ్జు డ్రమ్ము సుమారు 215 కిలోలు. ఇరవై అడుగుల కంటైనరులో 80 డ్రమ్ములు పడతాయి, అంటే సరుకే 17 టన్నుల పైన. ఫ్యాక్టరీ గేటు దాటే ముందు చూడాల్సినవి రెండు. ఒకటి, కంటైనరును చట్రానికి పట్టే నాలుగు మూలల లాకులు పూర్తిగా తిరిగాయా. మూడు తిరిగి ఒకటి సగంలో ఉంటే మలుపులో కంటైనరు లేస్తుంది. రెండు, తలుపుకు వేసిన సీలు మీద నెంబరు కాగితాల్లోని నెంబరుతో అక్షరం అక్షరం సరిపోయిందా. ఒక్క అంకె తేడా ఉన్నా రేవు గేటు దగ్గర వెనక్కి తిప్పుతారు. సవరించిన కాగితం వచ్చేదాకా బండి తీసుకుపోయి పక్కన పెట్టుకోవాలి. సీలు వేసిన వెంటనే ఫొటో తీసుకోండి.

రేవు గేటు దగ్గర వరసలో గంటలు గడుస్తాయి, ఒక్కోసారి రాత్రంతా. కదిలినప్పుడల్లా పది అడుగులు జరగాలి కాబట్టి నిద్రపోవడానికి లేదు. తాగడానికి నీళ్లు, తినడానికి చిత్రాన్నమో చపాతీలో, మందులు ముందే క్యాబిన్లో ఉండాలి. ఒంటేలుకు దిగాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తే మూత్రపిండాల్లో రాళ్లు. అది ఈ పనిలో చాలామందికి వచ్చే జబ్బు. ఆ వరసలో ఒంటరితనం, కోపం రెండూ వస్తాయి. వెనకబండివాడు హారన్ కొడితే దిగి తగువు పెట్టుకోవాలనిపిస్తుంది. రెండో డ్రైవరు ఉన్నప్పుడు ఒకరు పడుకుని ఒకరు జరుపుకోవచ్చు. ఒంటరిగా పోయేటప్పుడు అలాంటి రాత్రి తర్వాత వెంటనే ఇంకో ప్రయాణం పెట్టుకోకూడదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు. పాత బండ్లలో చిన్న ఫ్యానే దిక్కు.

ఓపెన్ బండి లోడు వేరే చదువు. ఖాళీ బండిని ముందు కాటా పెట్టించండి, లోడయ్యాక మళ్లీ పెట్టించండి, రెండు చీటీలూ మన దగ్గరే ఉండాలి. అవతల దించేచోట సరుకు తక్కువొచ్చిందని అన్నప్పుడు మన చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే. రెండు ఇరుసుల బండి మొత్తం బరువు 18.5 టన్నులు, మూడు ఇరుసుల పది టైర్ల బండి 28.5 టన్నులు దాటకూడదు. దాటితే 20,000 రూపాయలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. ఎక్కువైన సరుకు అక్కడే దించాలి కూడా. "ఏం కాదు, పోనీ" అని లోడింగ్ పాయింటులో అందరూ అంటారు. చలానా పడ్డాక వాళ్లెవరూ ఫోనెత్తరు. కాబట్టి ఓవర్‌లోడు చలానా ఎవరు కడతారో బండి కదలకముందే ఓనరుతో వాట్సాప్‌లో రాయించుకోండి.

లోడు మీద పట్టాలు కప్పేటప్పుడు బండి వెనక వైపు పట్టా మొదట పరిచి, దాని మీదికి ముందు వైపు పట్టా రావాలి. అటూ ఇటూ అయితే గాలి అతుకు కిందికి దూరి పట్టాను చీరేస్తుంది, వాన నీళ్లు సరుకులోకి పోతాయి. తాడు ఎంత బిగించినా ముప్పై నలభై కిలోమీటర్లు నడిచేసరికి లోడు కుదురుకుని వదులవుతుంది. అక్కడ ఆపి మళ్లీ బిగించాలి. రేణిగుంటలో కట్టినవాళ్లు శ్రీకాళహస్తి దాటాక, చిత్తూరులో కట్టినవాళ్లు ఘాట్ ఎక్కకముందు ఈ పని చేయాలి. కుప్పం వైపు గ్రానైటు దిమ్మెలైతే తాడు పని చేయదు, గొలుసులు, చెక్క గుంజలు కావాలి. దిమ్మె ఇరుసుల మధ్య కూర్చోవాలి. అరడుగు వెనక్కి పోయినా ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలికైపోతుంది. అలా తేలిపోతున్నట్టు అనిపిస్తే బండి తీయకండి, మళ్లీ సర్దించండి.

కాగితాల్లో డ్రైవరు చదవాల్సింది ఇ-వే బిల్లు. ఇది 50,000 రూపాయల విలువ దాటిన సరుకుకు ఉంటుంది. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు లెక్క. వెయ్యి కిలోమీటర్లకు ఐదు రోజులు. బండి చెడిపోయి ఆగితే గడువు పొడిగించుకోవచ్చు, కానీ గడువు ముగిసే ముందు 8 గంటలు, ముగిసిన తర్వాత 8 గంటలు, అంతే వ్యవధి. ఆన్‌లైన్లో చేసేది ట్రాన్స్‌పోర్టువాళ్లే, కానీ బండి ఆగిందని వాళ్లకు చెప్పాల్సింది డ్రైవరు. సరుకు వేరే లారీలోకి మారిస్తే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్ బీలో కొత్త బండి నెంబరు వేయించకుండా కదలొద్దు. పట్టుబడితే పన్నుకు రెండింతలు జరిమానా. అది తేలేదాకా బండీ సరుకూ అక్కడే.

ఘాట్ గురించి. బెంగళూరు వైపు నుంచి లోడుతో వచ్చే బండి పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. పలమనేరు చిత్తూరుకన్నా దాదాపు 350 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తంతా తక్కువ దూరంలో దిగిపోతాం. మా వైపు ప్రమాదాల వార్తల్లో తరచు వినపడే పేర్లు ఈ ఘాట్, తిరుపతి మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్. అక్కడ జరిగేది ఏమిటంటే, డ్రైవరు పై గేరులో దిగడం మొదలుపెడతాడు, వేగం పెరిగేకొద్దీ బ్రేకు తొక్కుతూ పోతాడు. డ్రమ్ములు వేడెక్కి పెద్దవవుతాయి, లైనింగు వాటిని అందుకోవడానికి ఇంకా ఎక్కువ దూరం కదలాలి. మొదట కాలిన వాసన వస్తుంది, తర్వాత పెడల్ తొక్కినా బండి ఆగదు. గాలి ముల్లు కూడా పడిపోతుంటుంది. అప్పుడు గేరు తగ్గించాలని చూస్తే పడదు, న్యూట్రల్‌లో ఇరుక్కుంటుంది. ఇక బండిని ఆపేది కొండో లోయో ఎదురు బండో.

అందుకే దిగకముందే, చదునులోనే గేరు తగ్గించాలి. ఏ గేరులో ఆ లోడుతో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలి. ఎగ్జాస్ట్ బ్రేకు, అంటే పొగ దారి మూసి ఇంజనుతోనే వేగం తగ్గించేది, వేసి పెట్టాలి, అవసరమైనప్పుడు మాత్రం కాలి బ్రేకు గట్టిగా ఒకసారి వేసి వేగం తగ్గించి వదిలేయాలి. కాలు ఆనించి పెట్టి దిగకూడదు. డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్‌లో వదలడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. వెనక బస్సువాళ్లు, కార్లవాళ్లు లైట్లు కొడుతుంటారు, కొట్టనీయండి. మొదటిసారి లోడుతో సొంతంగా దిగినప్పుడు చేతులు స్టీరింగును ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నాయో బంగారుపాళెం వచ్చాక, అరచేతులు నొప్పి పుట్టాక తెలిసింది. ఆ భయం తప్పు కాదు. సీనియర్లు కూడా పైన ఒక నిమిషం ఆపి టైర్లు, గాలి చూసుకునే దిగుతారు.

రాత్రిళ్లు రెండు నుంచి ఐదు మధ్య నిద్ర గెలుస్తుంది. టీ, బీడీ, పాటలు ఏవీ దాన్ని ఆపలేవు. కళ్లు తెరిచే ఉంటాయి, రోడ్డు మాత్రం కనపడదు. ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి, రోజుకు 8 గంటల పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 2025లో రద్దయ్యేదాకా చెప్పింది. అది ఎక్కడా అమలు కావడం చూడలేదు. కనీసం ఈ మూడు గంటలు బండి పెట్రోలు బంకులో పెట్టి పడుకోండి. మేల్కొని ఉండటానికని దారిలో కొందరు అమ్మే మాత్రలు ముట్టుకోవద్దు. వాటి ప్రభావం దిగిపోయేటప్పుడు మనిషి ఒక్కసారిగా ఒరిగిపోతాడు. పడుకునే ముందు డీజిల్ ట్యాంకు మూతకు తాళం, బ్యాటరీ పెట్టెకు తాళం వేయండి. చీకట్లో, బంకు లేని లేబైలో, అంటే రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే జాగాలో, ఒంటరిగా ఆపకండి.

ప్రమాదం జరిగితే ముందు 108 లేదా 112. జాతీయ రహదారి మీద 1033 కూడా. దెబ్బలు తగిలినవాళ్లను ఆసుపత్రికి చేర్చడం, పోలీసుకు చెప్పడం డ్రైవరు బాధ్యత. జనం మీద పడే పరిస్థితి ఉంటే అక్కడ నిలబడకపోయినా చట్టం తప్పు పట్టదు, కానీ నేరుగా దగ్గరి స్టేషనుకు పోవాలి, ఇంటికి కాదు. ఓనరు నెంబరు, ఇన్సూరెన్సు కాగితం ఫొటో ఫోనులో ముందే ఉండాలి.

ఇక ట్రిప్పు అయ్యాక లెక్క. కొత్తవాళ్లు ఎక్కువగా బాధపడి పని వదిలేసేది ఇక్కడే. జీతం నాలుగు రకాలుగా మాట్లాడతారు: నెల జీతంతోపాటు రోజు బత్తా, ట్రిప్పుకింత, కిరాయిలో వాటా, లేదా మైలేజి లెక్క. మైలేజి లెక్క బాగా అర్థం చేసుకోండి. లీటరుకు 4 కిలోమీటర్లు ఇవ్వాలని ఓనరు అంటే, వెయ్యి కిలోమీటర్లకు 250 లీటర్లే ఆయన ఖాతా. బండి 3.5 ఇస్తే 286 లీటర్లు తాగుతుంది. ఆ 36 లీటర్లు మన జీతంలోంచి పోతాయి, మూడువేల పైన. లోడు బరువు, ఘాట్లు, రేవు వరసలో రాత్రంతా ఇంజను ఆన్‌లో ఉండటం, టైర్ల గాలి, ఇవన్నీ మైలేజి తగ్గిస్తాయి. అందుకని లోడు బండికి ఒక మైలేజి, ఖాళీ బండికి ఒక మైలేజి వేరువేరుగా మాట్లాడుకోండి. వెయిటింగు గంటలకు డీజిల్ వేరే ఇవ్వమనండి. కర్ణాటక, తమిళనాడుల్లో డీజిల్ ఆంధ్రకన్నా లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. బెంగళూరు రూటులో నంగిలి దాటాక కొట్టించుకోమని ఓనరే చెప్తాడు. ఎక్కడ కొట్టించినా ట్యాంకు నిండా కొట్టించి, మీటరు రీడింగు, బంకు బిల్లు రెండూ ఒకే ఫొటోలో తీసుకోండి.

హమాలీ, కాటా, పార్కింగు, పంచరు, పట్టా కట్టిన కూలి, దారి ఖర్చులు, అన్నీ ఏ రోజుకారోజు పుస్తకంలో రాయాలి. నాలుగు రోజుల తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే మన డబ్బే పోతుంది. రసీదు రాని ఖర్చుల మీద పేచీ పెడతారు. వాటికి ట్రిప్పుకు ఇంత అని మొత్తంగా ముందే ఒప్పుకోవడం మేలు. దించేచోట రెండు రోజులు ఆపితే హాల్టింగు చార్జీ ట్రాన్స్‌పోర్టువాళ్ల నుంచి ఓనరుకు వస్తుంది. అందులో డ్రైవరుకు ఎంతో ముందే మాట్లాడుకోకపోతే బత్తా కూడా రాదు. బండి గేటు లోపలికి పోయిన టైము, బయటికి వచ్చిన టైము అక్కడి సెక్యూరిటీ చేత ఎల్‌ఆర్, అంటే సరుకుకు ట్రాన్స్‌పోర్టువాళ్లు ఇచ్చే లారీ రసీదు, మీద రాయించుకోండి. సరుకు అందినట్టు స్టాంపు వేసిన ఎల్‌ఆర్ కాపీ ఆఫీసుకు చేరితేనే మిగతా కిరాయి వస్తుంది. స్టాంపు సరిగా పడకపోయినా, "తక్కువ వచ్చింది" అని మూలన చిన్నగా రాసి ఉన్నా అక్కడే చూసి అడగాలి, గేటు దాటాక ఎవరూ వినరు. లెక్క తేలిన రోజు ఆ పేజీ కింద ఓనరు సంతకం తీసుకోండి, ఆయన దగ్గర లేకపోతే పేజీ ఫొటో పంపి వాట్సాప్‌లో "సరే" అనిపించుకోండి. కోతలు సాధారణంగా నెల తర్వాత, ఇంకో ట్రిప్పు లెక్కలో కలిపి వస్తాయి.